ఉత్తరపు గోడ మీది గడియారం

ఇల్లు, మేడమీది గది
సోమవారం

మరదలికి,

క్షేమసమాచారాలు మీ అక్క రోజూ ఫోన్లో చెప్తూనే ఉంటుంది, నేను వాటి జోలికి పోను. ఇది ఫోన్లో తేలే విషయం కాదు. ఫోన్లో అయితే "అయ్యో బావా" అని మొదలుపెట్టి, నాలుగు మాటలకి నన్ను నవ్వించి దాటేస్తావు. రాసింది ఎక్కడికీ పోదు. టైపింగు నేర్చుకుని ఏడాదిన్నరే అయింది, అక్షరాలు తప్పితే సర్దుకో. నా తప్పులతో ఎవరి కొంపా మునగదు.

మీ సెక్షన్ కాపీ తయారుచేసి పంపిన విచారణ నివేదిక విన్నాను. మా రంగుల ఫ్యాక్టరీలో మూడో నంబరు డ్రమ్ము పేలిన సంగతి మీద ముగ్గురు సభ్యులు కూర్చుని రాసినది. కంప్యూటర్ గొంతు చదువుతుంటే నూటనలభై పేజీలూ విన్నాను. రెండోసారీ విన్నాను. చూపు లేనివాళ్ళకి కూడా అందాలని అరవైరెండు ఫోటోలకీ వివరణలు పెట్టామని మొదటి పేజీలోనే గొప్పగా చెప్పుకున్నారు. సంతోషం.

ఇప్పుడు పదిహేడో ఫోటోకి రా. మీరు పెట్టిన వివరణ: "ప్రమాదం జరిగిన గది, ఉత్తరపు గోడ. ఇనప గొట్టాలు. గోడ మీద గడియారం."

ఏ గడియారం?

పద్నాలుగేళ్ళు ఆ గోడకి ఎదురుగా నిలబడి బట్టకి రంగు పట్టించాను. ఎక్కడ పెచ్చు ఊడిందో, ఎక్కడ నీలం మరక పడిందో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను. గడియారం కనబడితే పనోళ్ళ కళ్ళు దాని మీదే ఉంటాయని మేస్త్రీ ఆ గదిలో పెట్టనిచ్చేవాడు కాదు. టైం కావాలంటే గేటు దాకా పోవాలి. ఆ గోడ మీద గుండ్రంగా ఉన్నది ఒకే ఒక్కటి. డ్రమ్ములో ఆవిరి ఒత్తిడి ఎంతుందో చూపించే మీటరు.

ఆ మీటరు చూడలేదనే కదా నన్నూ, నాతో డ్రమ్ము నడిపిన బక్కోణ్ణీ దోషుల్ని చేశారు! "ఆపరేటర్లిద్దరూ మీటరును గమనించడంలో నిర్లక్ష్యం వహించారు." బక్కోడు పోయాడు, నోరెత్తలేడు. నేను బతికాను, కళ్ళు పోయాయి. చూడంది మేమట. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారే, ఆ సామెత వాడే హక్కు ఇప్పుడు నాకే ఉంది కాబట్టి అంటున్నాను. మీ సెక్షన్ మొత్తం చేలో పడింది.

ఆ ఫోటో తెరువు. ముల్లు ఏ అంకె మీదుందో చూసి రాయి. అంతకుమించి ఏమీ అడగను. మీ అక్కని అడగలేను, ఆ ఫోటోలు తన కంట పడనివ్వొద్దని మొదటి రోజే చెప్పేసింది.

బావ


ఆఫీసు, మూడో అంతస్తు
గురువారం

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను. అంత కోపం ఒంటికి మంచిది కాదు. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదని, కళ్ళలో చుక్కలు వెయ్యనివ్వడం లేదని అక్క చెప్పింది.

మా దగ్గర పని ఎలా జరుగుతుందో నీకు తెలియదు. ఇదివరకు ఈ సెక్షన్లో ఆరుగురం ఉండేవాళ్ళం, ఫోటో ఫోటోకీ కూర్చుని రాసేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం. వివరణలు ఏఐ రాస్తుంది. మామూలుగా బాగానే రాస్తుంది, ఒక్కోసారి మాకంటే బాగా రాస్తుంది. కానీ అప్పుడప్పుడు పప్పులో కాలేస్తుంది. మొన్నొకసారి మడిచిపెట్టిన గొడుగుని గబ్బిలం అంది. మా పక్క సీటావిడ రోజంతా నవ్వుతూనే ఉంది. గుండ్రంగా ఉండి, చుట్టూ అంకెలుండి, మధ్యలో ముల్లుంటే దానికి గడియారమే అనిపిస్తుంది మరి. మిషన్‌కి ఫ్యాక్టరీ ఏం తెలుసు, పాపం.

పైకి రాసి పంపాను. తీరిక చూసుకుని సరిచేస్తారు. నువ్వు మనసులో పెట్టుకోకు. వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను, నీకు పుస్తకాలు చదివి వినిపిస్తాను, పాత రోజుల్లో నాకు నువ్వు లెక్కలు చెప్పినట్టు.

నీ మరదలు


మేడమీది గది
శనివారం

మరదలా,

ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికి ఒకావిడ.

అంత ఉత్తరం రాశావు. అందులో గబ్బిలం ఉంది, గొడుగు ఉంది, నా కళ్ళలో చుక్కలున్నాయి. ముల్లు లేదు. నేనడిగింది అదొక్కటే.

అది ఎందుకు అడుగుతున్నానో తిన్నగా చెప్తాను, విను. ప్రమాదానికి రెండు నెలల ముందే ఆ మీటరు చచ్చిపోయింది. డ్రమ్ము నిండా ఆవిరి ఉన్నా నాలుగే, ఖాళీగా కడిగి పెట్టినా నాలుగే. మేస్త్రీకి చెప్పాం. ఒకసారి కాదు, బక్కోడు వారానికోసారి చెప్పేవాడు. "కొత్తది వస్తుందిరా, చెవులున్నాయిగా, హోరు విని వాల్వు తిప్పండి" అన్నాడు. చెవులతోనే పని చేశాం. ఆ రోజు పక్క గదిలో పెద్ద మోటారు వేశారు, ఏ హోరు ఏదో తెలియలేదు. విచారణలో మేస్త్రీ ఏమన్నాడు? మీటరు భేషుగ్గా ఉందన్నాడు. వాళ్ళు నమ్మారు.

పేలిపోయిన డ్రమ్ములో ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీటరు మంచిదైతే ముల్లు సున్నాకి పడిపోయి ఉండాలి. ఆ ఫోటో మర్నాడు పొద్దున తీసింది. ముల్లు ఇంకా నాలుగు దగ్గరే వేలాడుతుంటే మేస్త్రీ అబద్ధం ఆ గోడ మీదే ఉన్నట్టు.

ఇంకో మాట. నివేదిక చివరి పేజీలో ఇలా ఉంది: "ప్రతి ఫోటో వివరణనూ ఏఐ రాయగా, మనిషి సరిచూశారు."

ఎవరా మనిషి?

బావ


నా గది
ఆదివారం

బావా,

దొంగకి తేలు కుట్టినట్టు వారం రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం ఆఫీసు నుంచి రాయలేక ఇంటికొచ్చి రాస్తున్నాను.

ముల్లు నాలుగు మీదే ఉంది.

ఫోటో అంతా చెప్తాను. ఈసారి నా కళ్ళతో చూసి చెప్తున్నాను. గోడ సగం నల్లబడింది. ఎడమ చేతి వైపు మూడు గొట్టాలు పైనుంచి కిందికి వస్తున్నాయి, మధ్య గొట్టం మోచెయ్యి దగ్గర విరిగి ముందుకి వంగింది. దాని పక్కన మీటరు. అద్దం పగిలింది కానీ ఊడలేదు. లోపల అంకెలు సున్నా నుంచి పది దాకా ఉన్నాయి. ఒకటే ముల్లు, నాలుగు అంకెని సగం కప్పి ఉంది. కింద నేల మీద తడి, తడిసిన బట్ట కుప్ప, ఎర్రది. అది రంగేనని తెలుసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మనుషులెవరూ లేరు.

సరిచూసిన మనిషిని నేనే.

మా సాఫ్ట్‌వేర్ పాత కాపీలన్నీ దాస్తుంది, ఎవరేం మార్చారో పేరుతో సహా ఉంటుంది. నీ ఉత్తరం చూశాక తీశాను. ఏఐ మొదట రాసింది ఇదీ, ఉన్నదున్నట్టు: "గోడ మీద గుండ్రని డయల్ ఉంది. గడియారం కావచ్చు, ప్రెషర్ మీటరు కూడా కావచ్చు. ఒకే ముల్లు కనిపిస్తోంది, నాలుగు దగ్గర. ఖాయంగా చెప్పలేను, మనిషి చూడాలి." పక్కన పసుపు గుర్తు కూడా పెట్టింది. అది తెలియదని ఒప్పుకుంది బావా. మిషన్‌ని పాపం అన్నాను నీకు. పాపం నాది. వివరణ పొట్టిగా ఉండాలి, "కావచ్చు"లు ఉండకూడదని మా సెక్షన్ ఆఫీసరు రూలు. నేను ఫోటో తెరవకుండానే గడియారం ఒక్కటి ఉంచి మిగతాది కొట్టేశాను. పసుపు గుర్తులు పద్నాలుగు ఉన్నాయి, అన్నీ ఒక్క నొక్కుతో తుడిచేశాను. తర్వాత సరిచూశానని నొక్కాను.

అరవైరెండు ఫోటోల్లో ఒక్కటీ తెరవలేదు.

పని ఎక్కువై కాదు. ఆ ఫైలు నేనే అడిగి తీసుకున్నాను, వేరేవాళ్ళ చేతుల్లో పడితే చిన్నచూపు చూస్తారని. తీరా ముందు పెట్టుకున్నాక తెరవడానికి చెయ్యి రాలేదు. ఏ ఫోటోలో నువ్వుంటావోనని భయం. ఆసుపత్రిలో నీ మొహానికి కట్లు విప్పిన రోజు అక్కతో పాటు నేనూ ఉన్నాను కదా. మళ్ళీ చూడలేకపోయాను.

తిట్టు. పడతాను.

నీ మరదలు


మేడమీది గది
మంగళవారం

మరదలా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను.

నువ్వు చూడలేకపోయావు. నేను చూడలేను. ఈ రెండు మాటలూ ఒకటి కాదు. నీ భయం నీది, ఎవరికైనా ఉంటుంది. మీ అక్కకీ ఉంది. కానీ తను చూడనని నా మొహం మీదే చెప్పింది. చూసినట్టు సంతకం పెట్టలేదు.

తెలియదని మిషన్ చెప్తే ఆ తెలియదనే మాటనే కొట్టేశారా? నాకు అదొక్కటి మిగిల్చినా చాలునే! "గడియారమో మీటరో" అని ఉంటే నేను మొదటి రోజే లేచి కూర్చునేవాణ్ణి. గడియారం అనేసరికి గేటు దగ్గరి గోడ కాబోలు అనుకుని వదిలేశాను. రెండోసారి విన్నప్పుడు గానీ "ఉత్తరపు గోడ" అన్న ముక్క చెవికి తగల్లేదు. నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది, ఇప్పుడు చెప్తున్నాను. నివేదిక మీద అభ్యంతరాలు చెప్పడానికి ముప్పై రోజులే గడువు. నీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే అది దాటి పదకొండు రోజులైంది.

ఇంకొకటి ఆలోచించు. నేను ఆ గోడ చూసినవాణ్ణి కాబట్టి పట్టుకున్నాను. పుట్టుకతోనే చూపు లేనివాళ్ళు ఎంతమంది మీ పత్రాలు వింటున్నారు? వాళ్ళకి గడియారమంటే గడియారమే. అన్నంలో రాయి పెట్టి, కళ్ళు లేవుగా, నమిలెయ్ అన్నట్టుంది.

నాకు కావలసింది ఏడుపు కాదు. నాకిచ్చిన కాపీలో వివరణ తప్పని, అది ఫోటో చూడకుండా పెట్టిందని, మీ ఆఫీసు కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఆలస్యం నా తప్పు కాదని ఆ కాగితమే చెప్పాలి. అది లేకపోతే నా అర్జీ గుమ్మం కూడా ఎక్కదు.

బావ


ఆఫీసు
శుక్రవారం

బావా,

సెక్షన్ ఆఫీసరుతో మాట్లాడాను. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు వేసి రమ్మని, "చూడమ్మా, కాపీ సరిచేసి మళ్ళీ పంపేద్దాం. కాగితం ఎందుకు? ఒకటి ఇస్తే వంద అడుగుతారు" అన్నాడు. సరిచేసిన కాపీ ఈ రోజే నీకు వస్తుంది. అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయి, మీటరు, ముల్లు, నాలుగు, అన్నీ. అరవైరెండూ కూర్చుని నేనే చూసి రాశాను. ఇంకో తొమ్మిది తప్పులు దొరికాయి.

దాంతో సరిపెట్టుకోగలవా? వకీలుకి ఆ కాపీ చూపిస్తే ఏదో దారి చెప్తాడేమో. నేను సంతకం పెడితే ఇది నా ఒక్క ఫైలుతో పోదు. మూడేళ్ళుగా నేను సరిచూశానన్న పత్రాలన్నీ బయటికి లాగుతారు. అన్నీ ఇలా చెయ్యలేదు, ఒట్టు. కానీ కొన్ని సాయంత్రాలు పసుపు గుర్తులు తుడిచేసి ఇంటికెళ్ళిన మాట నిజం. నేనే కాదు, అందరం. తిలా పాపం తలా పిడికెడు. మరి ఉరి నాకొక్కదానికేనా?

అక్కకి ఈ సంగతేమీ చెప్పకు.

నీ మరదలు


మేడమీది గది
ఆదివారం

గౌరవనీయులైన సెక్షన్ వారికి,

మీరు పంపిన సరిచేసిన కాపీ అందింది. పాత కాపీ స్థానంలో గుట్టుగా పెట్టెయ్యమని మీ ఉద్దేశం కాబోలు. తేదీ కూడా పాతదే వేశారు. అంటే మొదటి నుంచీ నాకు సరైన వివరణే ఇచ్చారని, నేనే మీటరు గమనించలేదని రేపు ఎవరైనా అనొచ్చు. రెండోసారి.

చాలా కృతజ్ఞతలు.

ఇట్లు,
మూడో నంబరు డ్రమ్ము ఆపరేటరు


ఆఫీసు
బుధవారం

బావా,

నన్ను "మీరు" అనకు. బండబూతులు తిట్టు, చెయ్యెత్తు, పడతాను. ఇంకోసారి "మీరు" అని రాస్తే ఆ ఉత్తరం చింపి పారేస్తాను. రెండో తరగతి నుంచి మీ ఇంట్లో అన్నం తిని పెరిగినదాన్ని.

పాత తేదీ సంగతి నాకు తెలియదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆఫీసరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను.

"ఈ తేదీ ఎవరు వేశారు సార్?"

"సిస్టమ్ వేస్తుందమ్మా."

"సిస్టమ్‌కి పాత తేదీ వెయ్యాలని ఎందుకనిపించింది సార్? దానికేం భయం?"

బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. "మీ బావగారని ముందే చెప్పి ఉంటే ఫైలు నీకు ఇచ్చేవాణ్ణే కాదు" అన్నాడు. తప్పు అక్కడ జరిగిందట! నా ఒళ్ళు మండిపోయింది. "మా బావ కాకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు సార్, అదేగా మీ బాధ?" అని అడిగాను. బయట పక్క సీటావిడ టైపింగు ఆపేసింది. అందరూ విన్నారు. విననీ.

కాగితం దీనితో పాటు పంపుతున్నాను. ఏఐ మొదట రాసిన వాక్యాలు, నేను కొట్టేసినవి, తుడిచేసిన పసుపు గుర్తులు, ఏ రోజు ఎన్ని గంటలకి, అన్నీ సాఫ్ట్‌వేర్ నుంచి తీసి జత చేశాను. "ఫోటో తెరవకుండానే సరిచూసినట్టు నమోదు చేశాను" అని నా చేతిరాతతో రాసి సంతకం పెట్టాను. ఆఫీసరు ముద్ర వెయ్యనన్నాడు. పక్క సీటావిడ సాక్షి సంతకం పెట్టింది. తనూ గుర్తులు తుడిచిందట, పెడుతూ చెప్పింది.

నాకు మెమో వచ్చింది. రేపటి నుంచి కింది అంతస్తులో కవర్లు అంటించే సీటు. అక్కకి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. విని, "ఆ ఫోటో నాకు పంపు" అంది. పంపాను.

నువ్వు క్షమిస్తావని రాయడం లేదు. నీ మీద కూడా నాకు కోపంగానే ఉంది. గడువు దాటిన సంగతి మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఆ గబ్బిలం ఉత్తరం రాసేదాన్ని కాదు.

నీ మరదలు


మేడమీది గది
మూడు నెలల తర్వాత, గురువారం

మరదలా,

నీ మీద కోపం పోయిందా అని మీ అక్క అడిగింది. పోలేదన్నాను. కానీ అబద్ధం చెప్పినదాని మీద కోపం వేరు, నిజం చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టినదాని మీద కోపం వేరు. ఇప్పుడున్నది రెండో రకం. అది కూడా అరిగిపోతుందిలే.

అర్జీ తీసుకున్నారు. నీ కాగితం చూశాకే తీసుకున్నారు. మొన్న మళ్ళీ విచారణ జరిగింది. ముగ్గురిలో పెద్దాయన నన్ను అడిగాడు, "ఫోటోలో ఏముందో మీకెలా తెలుసండీ? మీరు చూడలేరు కదా" అని. "చూడగలిగినవాళ్ళు ముగ్గురు నాకంటే ముందే చూశారండీ. వాళ్ళకి కనబడలేదు" అన్నాను. మీ అక్క పక్కనే కూర్చుని ఉంది, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వద్దన్నట్టు కాదు.

పేలుడు అదురుకే ముల్లు ఇరుక్కుపోయి ఉండొచ్చని కంపెనీ వకీలు వాదించాడు. అప్పుడు బాయిలర్లు తనిఖీ చేసే ఆయన, ఆ మీటరు ఇంకా స్టోర్లోనే ఉంది, విప్పి చూద్దాం అన్నాడు. విప్పారు. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి ముద్దయిపోయింది. అది ఒక్క రోజులో పట్టే తుప్పు కాదని రాసిచ్చాడు. మేస్త్రీ సంగతి, ఆ పైవాళ్ళ సంగతి ఇంకా తేలాలి. తేల్చేదాకా నేను వదలను. కానీ మా ఇద్దరి మీదున్న వాక్యం కొట్టేశారు. దాని స్థానంలో కొత్తది రాశారు.

ఆ వాక్యం పట్టుకుని నిన్న బక్కోడి ఇంటికి వెళ్ళాం. పన్నెండు గుమ్మాలకి ఒకటే వరండా ఉన్న ఇళ్ళ వరస అది. తాగి నిద్రపోయి డ్రమ్ము పేల్చాడని, ఇంకొకడి కళ్ళు తీశాడని రెండేళ్ళుగా ఆ వరండాలో చెప్పుకున్నారు. వాడు జన్మలో చుక్క ముట్టలేదు. వాడి పెళ్ళాం నీళ్ళు పట్టుకోవడానికి కూడా అందరూ పోయాక వెళ్ళేదట.

ఫోన్ తీసి చదివించబోయాను. "ఆ మిషన్ గొంతు వద్దన్నయ్యా, నువ్వు చెప్పు" అంది. నాకు నోటికొచ్చు. చెప్పాను: "రెండు నెలలుగా పాడైన మీటరుతో యాజమాన్యం పని చేయించింది. ఆపరేటర్లు ఆ సంగతి ముందే తెలియజేశారు. ప్రమాదంలో వారి తప్పేమీ లేదు."

"మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను.

లేచి వెళ్ళింది. గడియ తీసిన చప్పుడైంది, తలుపు రెండు రెక్కలూ గోడకి తగిలేలా బార్లా తెరిచింది. వరండాలో గిన్నెల మోత, మాటలు, అన్నీ లోపలికి వచ్చాయి.

"ఇప్పుడు చెప్పన్నయ్యా, చివరి గుమ్మం దాకా వినబడేలా చెప్పు" అంది.

లేచి నిలబడ్డాను. మీ అక్క నా భుజం పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. నా గొంతు ఎంత పెద్దదో నీకు తెలుసుగా, పద్నాలుగేళ్ళు డ్రమ్ముల హోరులో అరిచిన గొంతు. గిన్నెల చప్పుడు ఆగిపోయేదాకా చెప్పాను.

బావ